'వెళ్ళాడు లేదు' అంటామేటి?

ఏటర్రా అంత నవ్వు? ఆ గుంటడు ఫోన్లో 'డిడ్ యూ వెంట్ టు కాశీబుగ్గ' అన్నాడనా? ఒరే, నువ్విలా రా. ఆ మొహం ఎందుకలా పెట్టావు? నా పక్కన కూకో. మిగతావాళ్ళు కూడా దగ్గరికి జరగండి, చలి ముదురుతోంది. ఆ ఎండు కమ్మ మంటలోకి తొయ్యండి. జీడిపిక్కల తొక్కలు మాత్రం వెయ్యకండి. తొక్కలో ఉన్న జీడి నూనె చిటపటమని ఎగిరి ఒంటి మీద పడిందంటే బొబ్బలెక్కుతుంది.

మీరు విశాఖపట్నంలో ఇంగ్లీషు మీడియం పిల్లలు. వీడు ఊరి బడి పిల్లాడు. వాడు తప్పు మాట్లాడాడు, నిజమే. కానీ ఆ తప్పు ఎలా వచ్చిందో మీలో ఒక్కరు చెప్పండి చూద్దాం. చెప్పలేరు. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఈ ఉద్దానం బళ్ళల్లో ఇంగ్లీషు చెప్పీ చెప్పీ జుట్టు నెరిసినవాణ్ణి నేను. పిల్లల నోట ఎన్ని తప్పులు విన్నానో! వాటిలో తెలివితక్కువతనం వల్ల వచ్చినవి బహు కొద్ది. చాలా తప్పుల వెనక తెలుగు వ్యాకరణం కూర్చుని ఉంటుంది. ఇంకా చిత్రం ఏటంటే, ఆ తప్పు దిద్దుకోడానికి కావలసిందీ చాలాసార్లు తెలుగులోనే ఉంటుంది. మీ నోట్లోనే ఉంది, మీరు చూసుకోరు.

ఒరే, 'వాడు కాశీబుగ్గ వెళ్ళాడు.' దీన్ని కాదని చెప్పు. 'వెళ్ళలేదు' అన్నావు కదా? 'వెళ్ళాడు లేదు' అనలేదేం? ఎవరైనా అలగ అంటే నువ్వే నవ్వుతావు. 'లేదు' వచ్చేసరికి 'వెళ్ళాడు' కాస్తా 'వెళ్ళ' అయిపోయింది. జరిగిపోయిందన్న సంగతి అంతా 'లేదు' తన నెత్తిన పెట్టుకుంది. ఇంగ్లీషులో ఆ పని 'డిడ్' చేస్తుంది. అది రాగానే 'వెంట్' మళ్ళీ 'గో' అయిపోవాలి. 'డిడ్ యూ గో', 'హి డిడ్ నాట్ గో'. ఇంకా చూడు: నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. మనిషి మారినా మాట మారలేదు. ఐ డిడ్ నాట్ గో, యూ డిడ్ నాట్ గో, దే డిడ్ నాట్ గో. అక్కడా అంతే. ఈ సూత్రం నీకు రెండేళ్ళప్పుడే వచ్చురా. మీ అమ్మ నేర్పింది.

మా చిన్నప్పుడు ఇంగ్లీషు ఫస్టు ఫారంలో మొదలయ్యేది. ఇప్పటి ఆరో తరగతి అన్నమాట. అంతవరకూ ఏ, బీ, సీ, డీలు కూడా ఎరగం. కొబ్బరి తోటల్లోంచి, జీడి తోటల్లోంచి ఇసకలో నడిచి హైస్కూలుకు వెళ్ళేవాళ్ళం. మొదటి మాస్టారు 'గో, వెంట్, గాన్' అని బెత్తం ఊపుతూ వల్లె వేయించేవారు. మేమూ దండకంలా అప్పగించేవాళ్ళం. మూడూ వచ్చేవి, ఏది ఎక్కడ వెయ్యాలో తెలిసేది కాదు. రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకం మా చుట్టుపక్కల ఒక్క ఇంట్లో ఉండేది. దాన్ని పంచాంగంలా గుడ్డలో చుట్టి దాచేవారు. ఆ రెన్ దొరే 'బ్యూ జెస్ట్' అనే సాహసాల నవల కూడా రాశాడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసి నేను ఆశ్చర్యపోయాను. 

తర్వాత ఇంకో మాస్టారు వచ్చారు. ఆయన చదువంతా పర్లాకిమిడిలో సాగింది. అప్పుడు నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా చిన్న రైలు నడిచేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది. ఇరుకు పట్టాల మీద ఊగుకుంటూ వెళ్ళే ఆ బండి ఎక్కడం మాకో సంబరం. ఆ మాస్టారు వచ్చిన మొదటిరోజు బెత్తం అటక మీద పెట్టేసి 'మీ ఇళ్ళల్లో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడండి' అన్నారు. మాకు నోరు పెగల్లేదు. బళ్ళో ఇంటి మాట మాట్లాడితే అంతకుముందు దెబ్బలు పడేవి మరి. ఇప్పుడు నేను మీకు చెప్పిన 'వెళ్ళలేదు' ముచ్చట ఆయన చెప్పిందే.

ఆ పద్ధతి ఆయనకి ఎలా తెలిసిందని అడిగితే గిడుగు రామమూర్తి పంతులుగారి కథ చెప్పేవారు. ఆ కథ ఇప్పుడు మీకు చెప్పాలి, ఎందుకంటే ఈ నేల మీద పుట్టినవాళ్ళకి అది తెలియకపోతే బాగోదు.

పంతులుగారు మన శ్రీకాకుళం జిల్లా మనిషే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ రోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. విజయనగరంలో గురజాడ అప్పారావుగారితో కలిసి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతం మీద మాస్టారుగా చేరారు. అక్కడికి కొండల మీంచి సవర గిరిజనులు దిగి వచ్చేవారు. వాళ్ళ మాట ఊళ్ళోవాళ్ళకి అర్థమయ్యేది కాదు. లిపి లేదు, పుస్తకం లేదు, అదీ ఒక భాషేనా అని తీసిపారేసేవారు. పంతులుగారు తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. నేర్చుకుంటున్నకొద్దీ ఆయనకి అందులో వ్యాకరణం కనపడింది. అది తెలుగుకి చుట్టం కాదు, ముండా కుటుంబం భాష. అయినా దాని లెక్కలు దానికున్నాయి, దాని కట్టుబాట్లు దానికున్నాయి. అక్షరం ముక్క రాని మనిషి నోట్లో అంత వ్యాకరణం ఉందని ఆయన కళ్ళారా చూశారు. సవర పిల్లలకి సొంత డబ్బుతో బళ్ళు పెట్టారు. వాళ్ళ కోసం ఆయన రాసిన పుస్తకాలకి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో బడి పెట్టండి అన్నారు. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. 

అంతకు చాలా ముందే, 1907 ప్రాంతంలో, యేట్స్ అనే దొర స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ఇంగ్లీషుని ఇంగ్లీషులా నోటితో నేర్పాలి, వల్లె వేయిస్తే రాదు అనే మనిషి. తనకి తెలుగు నేర్పే పుస్తకాల్లో ఉన్న భాష బజార్లో ఎవరూ మాట్లాడకపోవడం చూసి, ఇదేంటని అడిగాడు. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు గురజాడ, గిడుగుల పేర్లు చెప్పారు. అక్కణ్ణుంచి వాడుక భాష ఉద్యమం రాజుకుంది. చూశారా, ఇంగ్లీషు ఎలా నేర్పాలి అన్న గొడవలోంచి తెలుగు ఎలా రాయాలి అన్న గొడవ పుట్టింది! 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయినప్పుడు, పంతులుగారు అన్నేళ్ళు బతికిన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940లో కాలం చేశారు.

మా మాస్టారు ఇదంతా చెప్పి, 'సవర నోట్లోనే అంత వ్యాకరణం ఉంటే మీ నోట్లో లేదా' అని అడిగేవారు. నేను ఈ వృత్తిలోకి వచ్చాక ఆ ప్రశ్న పట్టుకునే పాఠం చెప్పాను. ఇప్పటికీ అదే నా నమ్మకం.

సరే, ఇక మీరు నవ్వుకునే ముచ్చట్లు చెప్తాను. తప్పు చేసినవాణ్ణి చూసి కాదు, తప్పుని చూసి నవ్వండి.

ఉద్దానం ఊళ్ళ నుంచి పట్టాళానికి వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. మనకి దూరపు చుట్టం ఒకడు, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, సెలక్షనుకి వెళ్ళాడు. పరుగు గెలిచాడు, తాడు ఎగబాకాడు. కాగితాలు చూసే ఆఫీసరు దగ్గరికొచ్చాడు. 'హేవ్ యూ నాట్ బ్రాట్ యువర్ సర్టిఫికెట్?' అన్నాడాయన. వీడు అటెన్షన్‌లో నిలబడి 'యెస్ సర్!' అన్నాడు. ఆఫీసరు చెయ్యి చాపాడు. వీడు కదల్లేదు. ఆఫీసరు చెయ్యి ఇంకొంచెం చాపాడు. వీడు ఆ చేతినే చూస్తున్నాడు. 'గివ్!' అని గద్దించాడాయన. 'యెస్ సర్, నాట్ బ్రాట్ సర్!' ఆ తర్వాత డాక్టరు. 'డోంట్ యూ హేవ్ ఎనీ డిసీజ్?' మళ్ళీ 'యెస్ సర్!' పాపం ఆ డాక్టరు వాణ్ణి తల నుంచి కాలి గోరు దాకా రెండుసార్లు పరీక్ష చేసి, గుండె విని, నాలుక చూసి, ఏ జబ్బూ దొరక్క తల పట్టుకున్నాడట. ఇంటికొచ్చి వాడు చెప్తుంటే ఆడా మగా కడుపు పట్టుకుని నవ్వారు. ఉద్యోగం వచ్చిందిలే.

మన తీరు ఏటంటే, 'సర్టిఫికెట్ తేలేదా?' అంటే 'అవును, తేలేదు' అంటాం. అడిగినవాడి మాట నిజమైతే అవును అంటాం. ఇంగ్లీషువాడు అడిగినవాడి మాట పట్టించుకోడు, జరిగినదాన్నే చూస్తాడు. తెచ్చి ఉంటే యెస్, తేకపోతే నో. వాడెలా అడిగినా అంతే. జపానువాళ్ళదీ మన పద్ధతేనట. కాబట్టి ఎవరైనా 'నాట్' పెట్టి అడిగితే మీ 'అవును'ని మింగేసి, ఆ వస్తువు చేతిలో ఉందా లేదా అది చూసుకుని జవాబు చెప్పండి.

ఇంకోటి. ఒక బడికి ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వచ్చాడు. హెడ్మాస్టారు లేరు. క్లాసు లీడరు గుంటడు ఎదురెళ్ళి, చేతులు కట్టుకుని, 'సర్, ద హెడ్ మాస్టర్ టోల్డ్ ఐ యామ్ గోయింగ్ టు టెక్కలి' అన్నాడు. ఇన్‌స్పెక్టరు వాణ్ణి ఎగాదిగా చూశాడు. 'నువ్వు టెక్కలి ఎందుకు? ఎవరు తీసుకెళ్తారు? మీ అమ్మానాన్నకి తెలుసా?' వాడికి భయం పట్టుకుంది. తనని ఎక్కడికో పంపించేస్తున్నారనుకుని బావురుమన్నాడు. అటెండరు వచ్చి, 'అయ్యా, టెక్కలెల్లింది హెడ్మాస్టారండి, ఈ గుంటడు కాదండి' అని చిక్కు విడదీశాడు.

వాడి తప్పేంటి? తెలుగులో హెడ్మాస్టారు 'టెక్కలి వెళ్తున్నాను' అని చెప్పారు. మన 'అని' ఉంది చూడండి, అది ఎదుటివాడి మాటని ఉన్నదున్నట్టు పట్టుకొస్తుంది. 'టెక్కలి వెళ్తున్నానని చెప్పారు.' ఆ 'వెళ్తున్నాను' హెడ్మాస్టారిది, పిల్లాడిది కాదు. తెలుగు వినేవాడికి ఇసుమంత అనుమానం రాదు. ఇంగ్లీషులో 'దట్' ఉన్నా అది మన 'అని'లా ఉన్నదున్నట్టు పట్టుకురాదు, ఆ మాట చెప్పేవాడు తన వైపు నుంచి తిప్పి చెప్పాలి: 'హి సెడ్ హి వాజ్ గోయింగ్'. అందుకే మీరు ఇంగ్లీషులో ఎవరి మాటైనా చేరవేసేటప్పుడు 'ఐ' అనేముందు, ఆ 'ఐ' ఎవరని మిమ్మల్ని మీరే ఒకసారి అడగండి.

అమ్మ మీద వ్యాసం రాయమంటే 'మై మదర్ ఈజ్ ఎ గుడ్ ఉమన్. ఇట్ వేక్స్ అప్ ఎర్లీ' అని రాసిన పిల్లలు నాకు చాలామంది తగిలారు. అమ్మని 'ఇట్' అన్నాడని స్టాఫ్ రూంలో ఒకాయన కోప్పడ్డారు. కోపం దేనికి? అమ్మ లేస్తుంది, ఆవు లేస్తుంది, పొద్దు పొడుస్తుంది. మన క్రియకి అమ్మా ఆవూ ఒకటే. అదే నలుగురైతే ఆడవాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి. ఒక్కతిగా ఉన్నప్పుడు ఆవుతో కలిపిన ఆడమనిషిని, గుంపులోకొచ్చేసరికి మగవాళ్ళతో కలిపాం! మహత్తు, అమహత్తు అని మన వ్యాకరణం పెద్దలు దీన్ని ఎప్పుడో రాసిపెట్టారు. ఇది తెలిస్తే ఆ గుంటడి 'ఇట్' ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. నేను ఆ వ్యాసంలో 'ఇట్' కొట్టేసి 'షి' రాసి, వాడికి ఈ ముచ్చటంతా చెప్పాను. వాడు మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు.

'ఏ' ఎక్కడ, 'యాన్' ఎక్కడ అని మీ స్కూల్లో ఎలా చెప్తున్నారు? ఏ, ఈ, ఐ, ఓ, యూలతో మొదలైతే యాన్ అంటున్నారా? మరి 'యాన్ యూనివర్సిటీ' అనకూడదే! 'ఏ అవర్' అనకూడదే! ఇక్కడే ఇంగ్లీషు పిల్లలకంటే తెలుగు పిల్లలకి ఎక్కువ వీలుంది. ఆ మాటని తెలుగు లిపిలో రాసుకోండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఏ. 'యా'తో రాసే యాపిల్ లాంటివి ఒక్కటే తేడా, అవి ఇంగ్లీషు చెవికి అచ్చులే. అవర్, 'అ' అచ్చు, యాన్ అవర్. యూనివర్సిటీ, 'య' హల్లు, ఏ యూనివర్సిటీ. యూరియా బస్తా, ఏ యూరియా బ్యాగ్. వన్‌డే మ్యాచ్, 'వ' హల్లు, ఏ వన్‌డే. ఎమ్మెల్యే వచ్చాడా, యాన్ ఎమ్మెల్యే. ఎమ్మార్వో వచ్చాడా, యాన్ ఎమ్మార్వో. మన లిపి చెవికి వినపడింది వినపడినట్టు రాస్తుంది, 'ఏ, యాన్' గొడవ కూడా చెవిదే, కంటిది కాదు.

దీంతో నాకొక చిక్కూ వచ్చింది. ఒక గుంటడు పరీక్షలో 'యాన్ స్కూల్', 'యాన్ హాస్పిటల్' అని రాశాడు. ఇదేంట్రా అంటే, 'మా నానమ్మ ఇస్కూలు, ఆస్పటల్ అంటాదండి. ఇ, ఆ అచ్చులే కదండీ' అన్నాడు. వాడికి నేను సగం మార్కు వేశాను. సూత్రం వాడు సరిగ్గానే పట్టాడు, నానమ్మ నోరే మాటని మార్చింది. ఆవిడకీ కారణం ఉంది. అచ్చ తెలుగు మాటలు 'స'కి ఇంకో హల్లు అతుక్కుని మొదలవ్వడం అరుదు. అందుకే స్కూలు ముందు 'ఇ' చేరుతుంది, స్టేషన్లో 'స' ఊడి 'టేసను' అవుతుంది. స్పెయిన్ దేశం వాళ్ళు కూడా స్కూలుని 'ఎస్కువేలా' అంటారు. మన ముసలమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు వాళ్ళనీ చూసి నవ్వాలి మరి. ఆ మాటకొస్తే దొరలు మన శ్రీకాకుళాన్ని 'చికాకోల్' చేసి, వందేళ్ళ పైన కాగితాల మీద అలాగే రాసుకున్నారు. ఎవరి నోటి కట్టుబాటు వాళ్ళది.

ఇంక జీడిపప్పు. పలాసలో పుట్టి హౌ మచ్, హౌ మెనీ తెలియకపోతే ఎలాగర్రా? కాశీబుగ్గలో షాపుకెళ్తే 'జీడిపప్పు ఎంత కావాలి' అంటారు. 'ఎన్ని' అనరు. పప్పు మనకి తూచేది, లెక్కపెట్టేది కాదు. ఆ పప్పే తోటలో ఉన్నప్పుడు జీడిపిక్కలు, అప్పుడు 'ఎన్ని' అంటాం. ఇంగ్లీషులో షాపులోకొచ్చినా అవి పిక్కలే, నట్సే, కాబట్టి 'హౌ మెనీ'. వ్యాపారంలో జీడిపప్పు రకాల్ని కూడా లెక్కపెట్టే పేరు పెట్టారు. డబ్ల్యూ 320 అని డబ్బా మీద చూస్తారు కదా, ఒక పౌను తూకంలో సుమారు మూడు వందల ఇరవై గుండు పప్పులు తూగుతాయని దాని అర్థం. డబ్ల్యూ 240 ఇంకా పెద్దవి. డబ్ల్యూ 180 మరీ పెద్దవి, పెళ్ళిళ్ళకి పట్టుకెళ్తారు. నేను క్లాసులో ఈ డబ్బాలు బల్ల మీద పెట్టి పాఠం చెప్పేవాణ్ణి. పాఠం అయ్యేసరికి డబ్ల్యూ 180 ఎప్పుడూ తగ్గి ఉండేది.

నీళ్ళు, పాలు మాత్రం తిరగబడతాయి. మనకి 'నీళ్ళు వచ్చాయి', 'పాలు పొంగాయి', ఎప్పుడూ బహువచనమే. అందుకే మన పిల్లలు 'వాటర్ ఆర్ కమింగ్' అంటారు. ఇంగ్లీషులో వాటర్ ఒంటరిది. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అనేవాళ్ళకి మాత్రం నా దగ్గర క్షమ లేదు, ఎందుకంటే తెలుగులో 'నా స్నేహితుల్లో ఒకడు' అంటాం, 'నా స్నేహితుడిలో ఒకడు' అనం. అది తెలిసీ చేసిన తప్పు. 'స్మెల్ ఈజ్ కమింగ్' అంటే వాసన వస్తోంది, 'హియర్ ఓన్లీ' అంటే ఇక్కడే, 'నిన్ననే' కాస్తా 'యెస్టర్‌డే ఇట్సెల్ఫ్' అయింది. వీటిని విడిచిపెట్టండి, మీకు తెలిసినవే.

'యూ' ముచ్చట మాత్రం చెప్పాలి. 'యూ ఈజ్', 'యూ వాజ్' అంటారు కొందరు. ఎదురుగా ఉన్నది ఒక్కడే కదా, ఆర్ ఎందుకు అని వాళ్ళ అనుమానం. ఒకప్పుడు ఇంగ్లీషులో కూడా మనలాగే నువ్వు, మీరు అని రెండు ఉండేవి. 'దౌ' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు. మర్యాద ముదిరి అందరూ అందర్నీ 'యూ' అనడం మొదలెట్టారు. 'దౌ' ఇళ్ళల్లోంచి పోయి ప్రార్థనల్లో, పాత నాటకాల్లో మిగిలింది. ఇప్పుడు ఇంగ్లీషువాడు పసిపిల్లాణ్ణీ, పిల్లినీ కూడా 'మీరు' అనే అంటున్నాడు. మనం 'మీరు వచ్చాడు' అంటామా? ఒక్కరే ఉన్నా 'మీరు వచ్చారు'. అందుకే 'యూ ఆర్', 'యూ వర్'. ఇది చెప్పాక నా క్లాసులో 'యూ ఈజ్' వినపడేది కాదు, పైగా పిల్లలు ఒకళ్ళనొకళ్ళు 'మీరు' అనుకుని తెగ మర్యాదలు చేసుకునేవారు.

పనసకాయ ముచ్చట ఒకటి ఉంది, ఉద్దానంవాళ్ళు విని తీరాలి. 1909లో బెంగాల్లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ఆయన సాహిబ్‌గంజ్ రైల్వే ఆఫీసుకి ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. పనసతొనలు తెగ తిన్నాడు, కడుపు ఉబ్బింది, అహ్మద్‌పూర్ స్టేషన్లో దిగి మరుగుదొడ్డికి వెళ్ళాడు. గార్డు ఈల వేశాడు, బండి కదిలింది. ఒక చేత్తో చెంబు, ఒక చేత్తో పంచె పట్టుకుని పరిగెత్తి ప్లాట్‌ఫారం మీద ఆడా మగా అందరి ముందూ పడ్డాడు. బండి వెళ్ళిపోయింది. ఆ గార్డుకి జరిమానా వెయ్యండి, లేకపోతే పేపర్లకి ఎక్కిస్తానని రాశాడు. ఆ ఉత్తరంలో వ్యాకరణం ఒక్క వాక్యంలో కూడా నిలబడదు. కాలాలు కలిసిపోయాయి, ఆర్టికల్స్ ఎగిరిపోయాయి. అయితేనేం, చదివినవాడికి ఆయన అవస్థ కళ్ళకి కట్టింది. ఢిల్లీలో రైలు మ్యూజియం వాళ్ళు ఆ ఉత్తరాన్ని ప్రదర్శనకి పెట్టారు.

మన దగ్గరా అలాంటి ఉత్తరమే ఒకటి చూశాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన కొబ్బరిని, జీడిని, పనసని ఒక్క తెల్లవారుజామున పడగొట్టి పోయింది. తర్వాత అర్జీలు రాయాల్సి వచ్చింది. ఒక కుర్రాడు ఇంగ్లీషులో రాసి తెచ్చాడు: 'మై కోకోనట్ ట్రీస్ ఆల్ ఆర్ ఫాల్.' అక్కడున్న చదువుకున్నవాళ్ళు పెదవి విరిచారు. నేను 'ఫాల్' దగ్గర 'ఫెల్' వేసి, 'ఆర్' తీసి, 'ఆల్' ముందుకి జరిపి ఇచ్చాను. చెట్లు ఎన్ని, వయసు ఎంత, ఏ సర్వే నెంబరు, అన్నీ వాడు తప్పు లేకుండా రాశాడు. ముఖ్యమైన సంగతంతా వాడికి వచ్చింది. ఆ మూడు మాటలు దిద్దడానికేగా మనం ఉన్నది!

ఏటమ్మా, చెయ్యెత్తుతున్నావు? ఇంగ్లీషుకి రానిది మనకి వచ్చింది ఏదైనా ఉందా అనా? బోలెడుంది. బావ, బావమరిది, మరిది, ముగ్గుర్నీ కలిపి వాళ్ళు బ్రదర్-ఇన్-లా అని ఒకే గాటన కట్టేస్తారు. తోడల్లుడికి మాట దొరక్క మనవాళ్ళే 'కో-బ్రదర్' అని తయారుచేసి ఇచ్చారు. తోడికోడలికి 'కో-సిస్టర్'. అది తప్పని దిద్దమంటే నేను దిద్దను. అవసరం కొద్దీ పుట్టిన మాట అది.

ఇంకా పెద్దది చెప్తాను. 'ఈ వీధిలో మీ ఇల్లు ఎన్నోది?' ఇది ఇంగ్లీషులో అడగండి. 'వాట్ ఈజ్ యువర్ హౌస్ నెంబర్' కాదు, గుమ్మం మీది నెంబరు నాకొద్దు. మొదటి నుంచి లెక్కపెడితే ఎన్నోది అని. 'హౌ మెనీయెత్'? ఆ మాట వాళ్ళు మామూలుగా వాడరు. ఫస్టు, సెకండు, థర్డు అని జవాబులు ఉన్నాయి, ప్రశ్నే లేదు! చుట్టూ తిరిగి, నాలుగు వాక్యాలు చెప్పి అడగాలి. మనం మూడు అక్షరాల్లో అడిగేస్తాం.

మా అన్నదమ్ముల్లో నేను ఎన్నోవాణ్ణి? మీ అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ ప్రశ్న ఇంగ్లీషులో ఎవరు అడుగుతారో అడగండి. నువ్వు మొదలెట్టరా.